టెక్కలి అవ్వ ఎవరి ఆడపడుచు? గంజాం తెలుగు ఇళ్లలో 19వ శతాబ్దపు అవ్వల పుట్టిల్లు వెతికే పద్ధతి

మా ఇంట్లో ఆమెకు పేరు లేదు. మా ముత్తాతను కన్నతల్లి ఆమె. మగవాళ్ల వైపు ఏడు తరాలు గడగడా అప్పజెప్పే మా మేనత్త కూడా ఆమె దగ్గరకు వచ్చేసరికి "టెక్కలి అవ్వ" అని ఊరుకునేది. పేరేమిటని అడిగితే, "ఏమో నాయనా, మా నానమ్మ కూడా అలాగే అనేది. అత్తగారి పేరు కోడలు ఎలా పలుకుతుంది?" అనేది. ఆమె కాలం నాటి వస్తువంటూ ఇంట్లో ఒక్కటీ లేదని అందరి అభిప్రాయం. పెరట్లో పాత ఇత్తడి గంగాళం ఒకటుంది గానీ, దాని అంచు మీద చుక్కలతో కొట్టిన "పొ. సూ." అనే అక్షరాలు మా ఇంటిపేరుకు సరిపోవు. ముత్తాత బరంపురం బజారులో నూలు వ్యాపారంతో పాటు తాకట్టు మీద అప్పులు కూడా ఇచ్చేవారు. ఎవరో విడిపించుకోలేక వదిలేసిన సామాను అనుకునేవాళ్లం.

నాలుగేళ్లు తిరిగాక తెలిసిందేమిటంటే, ఆ కాలపు స్త్రీని పేరు పట్టుకుని వెతికితే దొరకదు. పుట్టిల్లు పట్టుకుని వెతకాలి. కాగితాల్లో ఆమె ఫలానావారి కూతురు, ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి. ఈ మూడింటిలో మొదటిది దొరికితే మిగిలిన ముడులు వాటంతట అవే విడతాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలను మనసులో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను.

1. ముందు పాత పటం గీసుకోండి

ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంతకుముందు బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోనివే. జయపురం, కొరాపుట్, రాయగడ, గుణుపురం వైపు వారికి పాత జిల్లా విశాఖపట్నం. మీ అవ్వకు పెళ్లయిన నాటికి ఈ సరిహద్దు లేదు. ఇవాళ ఆమె పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, అత్తిల్లు మరో రాష్ట్రంలో పడ్డాయంటే అది ఆమె పోయాక జరిగిన పంపకం.

కాబట్టి ప్రతి ఊరికీ ఒక చిన్న జాతకం రాసుకోండి. టెక్కలిని చూడండి: 1936 దాకా గంజాం జిల్లా, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా. పర్లాకిమిడి 1936లో ఒడిశాకు వెళ్లి గంజాం జిల్లాలో ఉండి, 1992లో గజపతి జిల్లా అయింది. ఏ సంవత్సరపు కాగితం ఏ జిల్లా పేరుతో ఉంటుందో తెలియకుండా కార్యాలయం మెట్లెక్కితే, "ఆ ఊరు మా దగ్గర లేదు" అన్న ఒక్క మాటతో వెనక్కి పంపేస్తారు.

ఇంకో గీత కూడా గీయండి. తూర్పు తీరం వెంట రైలు నడిచింది 1890ల్లో. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది 1900లో. అంతకు ముందరి సంబంధాలన్నీ ఎడ్లబండి దూరాన్ని బట్టి కుదిరినవి. అత్తవారి ఊరి చుట్టూ బండి ఒకటి రెండు పగళ్లలో చేరగల దూరానికి సున్నా చుట్టండి. నూటికి తొంభై పాళ్లు ఆమె పుట్టిల్లు ఆ సున్నాలోనే ఉంటుందని నా లెక్క. వ్యాపారులు, జమీందారీ ఉద్యోగులు, పురోహితులు మాత్రం ఇంకా దూరం పోయి సంబంధాలు చేసుకున్నవాళ్లు. వాళ్ల సున్నా పెద్దదిగా ఉండాలి.

2. ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు

"ఆమె పేరేమిటి, ఎప్పుడు పుట్టింది?" అని అడిగితే పెద్దవాళ్లు తెలియదని తేల్చేస్తారు. నిజంగానే తెలియదు. వాళ్లకు తెలిసిన సంగతులు వేరే ఉంటాయి, వాటిని అడగాలి.

సారె ఏ ఊరి నుంచి వచ్చేది? పెద్ద పిల్లవాడి పురుడు ఎక్కడ పోశారు? తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. అందువల్ల ఆమె పెద్ద సంతానం పుట్టిన ఊరు, చాలావరకు ఆమె పుట్టిన ఊరే. ఆమె కూతురి పెళ్లిలో పిల్లను గంపలో తెచ్చిన మేనమామ ఎవరు? ఆయన ఆమె అన్నో తమ్ముడో అయి ఉంటాడు. ఆయన ఇంటిపేరు దొరికితే ఆమె పుట్టింటి పేరు దొరికినట్టే. పెళ్లి ముచ్చట్లు చెప్పడంలో మన ఆడవాళ్లకు అలుపుండదు కాబట్టి ఈ ప్రశ్న నాకు ఎక్కడా వృథా పోలేదు.

ఊరిపేరుతో పిలవడాన్ని మాత్రం కొంచెం అనుమానంతో చూడండి. "టెక్కలి అవ్వ" అంటే టెక్కలిలో పుట్టిందని అర్థం కానక్కర్లేదు. అత్తవారికి ఆమె పల్లె పేరు తెలియకపోతే దగ్గరి సంత ఊరి పేరే అంటగట్టేవారు. నేను టెక్కలి పేటలో ఏడాదిన్నర వృథాగా తిరిగింది ఇందువల్లే.

పేరు కావాలంటే వెనక్కి కాకుండా ముందుకు చూడండి. ఆమె పెద్ద కొడుకు తన మొదటి కూతురికి తల్లి పేరు పెట్టి ఉంటాడు. అత్తగారి పేరు నోట పలకకూడదు గనుక ఆ పిల్ల తల్లి కూతుర్ని బుల్లెమ్మ అనో చిట్టి అనో పిలిచి ఉంటుంది. ఊరందరికీ బుల్లెమ్మగా తెలిసిన ఆ మనవరాలి అసలు పేరు ఆమె శుభలేఖలోనో ఆస్తి కాగితంలోనో దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. మారుమనువులు, రెండో భార్యలు, ఇంట్లోంచి వెళ్లిపోయినవాళ్లు, గుడికి అంకితమైనవాళ్లు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. ఆ ముడి దగ్గరకు రాగానే పెద్దవాళ్లు మాట మార్చేస్తారు. అక్కడ గుచ్చి గుచ్చి అడగకండి. ఆ పూట కాఫీ తాగి వచ్చేయండి. మూడో నాలుగో సారికి వాళ్లే ఎత్తుకుంటారు.

3. ఆమె కొడుకు తద్దినం చీటీ

నా అనుభవంలో ఇంతకు మించిన ఆధారం లేదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

తద్దినం నాటి తర్పణంలో పన్నెండుగురి పేర్లు చదువుతారు. ఆ పేర్లు రాసుకున్న కాగితమే ఈ చీటీ. తండ్రి, తాత, ముత్తాత. తల్లి, తండ్రి తల్లి, తాత తల్లి. తర్వాత తల్లి వైపు మాతామహుడు, ఆయన తండ్రి, ఆయన తాత. చివరగా ఆ ముగ్గురి భార్యలు. పన్నెండులో ఆరుగురు స్త్రీలే. ప్రతి పేరుకూ ముందు గోత్రం చెబుతారు. తండ్రి వైపువారికి మన గోత్రం, తల్లి వైపువారికి వాళ్ల గోత్రం.

ఇప్పుడు మీ దగ్గరున్న చీటీలో మీ తండ్రి చదివే పేర్లు కాక, ఆ అవ్వ కొడుకు చదివిన పేర్లు కావాలి. అతనికి మాతామహుడంటే ఆమె తండ్రి. కొడుకు చీటీ ఒక్కటి దొరికితే ఆమె పేరు, ఆమె తండ్రి, తాత, ముత్తాత పేర్లు, ఆమె తల్లి, నానమ్మ, తాతమ్మ పేర్లు, పుట్టింటి గోత్రం ఒకే కాగితం మీద ఉంటాయి. 19వ శతాబ్దపు స్త్రీకి పైన మూడు తరాలు! దొరల కచేరీలు ఏవీ ఇంత పని చేసిపెట్టలేదు.

మరి ఎక్కడ దొరుకుతుంది? పాత పంచాంగాల అట్టల లోపల, విష్ణుసహస్రనామం పుస్తకం చివరి ఖాళీ పేజీల్లో, దేవుడి గూట్లో బియ్యం డబ్బా అడుగున చూడండి. ఇంట్లో లేకపోతే పురోహితుడి ఇంట్లో. పౌరోహిత్యం తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఇళ్లలో యజమానుల పేర్ల పుస్తకం కూడా వారసత్వంగానే వస్తుంది. మా పురోహితుడి తాతగారు రాసుకున్న పుస్తకం పసుపు, నెయ్యి మరకలతో నిండి ఉంది. వీధి క్రమంలో రాశారు, మా ఇల్లు పదకొండో పేజీ. మా ముత్తాత పేరు కింద "మాతుః" అని ఉన్నచోట మొదటిసారి ఆమె పేరు చూశాను. మేనత్తకు చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. "అది మా పెద్దత్త పేరే కదా" అంది చివరికి. ఆవిడ ముత్తాతగారి పెద్ద కూతురు, అందరికీ బుల్లెమ్మ.

తద్దినం తిథి మాసాన్నీ పక్షాన్నీ చెబుతుంది గానీ సంవత్సరాన్ని చెప్పదు. అది వేరే చోట వెతుక్కోవాలి.

కొడుకు గయకు వెళ్లాడని తెలిస్తే అక్కడి పండాల పుస్తకాలు కూడా ఇదే పని చేస్తాయి. పూరీ పండాలకూ వంశపారంపర్యంగా యజమానులున్నారు. వెళ్లేటప్పుడు మూడు ముక్కలు చెప్పగలగాలి: కులం, పాత జిల్లా పేరుతో సహా ఊరు, వెళ్లిన మనిషి పేరు. ఇప్పటి జిల్లా పేరు చెబితే వాళ్ల పుస్తకంలో ఆ పేరు ఉండదు. పేజీని ఫోనులో ఫొటో తీసే ముందు అడగండి, దక్షిణ సంగతి మొదటే తేల్చుకోండి.

బ్రాహ్మణ పురోహితుణ్ని పిలవని కులాల్లో ఈ చీటీ ఉండదు. వాళ్ల ఇళ్లలో కర్మ చేయించే జంగం, సాతాని, దాసరి కుటుంబాలను అడగండి. ఊరి పొలిమేరలో పేరంటాలు గుడి ఉంటే దాని కథ కూడా వినండి. కాలం చేసిన ముత్తయిదువను పేరంటాలుగా కొలిచే చోట ఆమె ఏ ఇంటి ఆడపడుచో పూజారి కథలో భాగంగానే చెబుతాడు.

4. సంవత్సరం కట్టడం

గంజాంలో కాలాన్ని నాలుగు రకాలుగా రాశారు. ఇది తెలియకపోతే అరవై ఏళ్లు అటో ఇటో పడతాయి.

ప్రభవాది సంవత్సరాలు మొదటివి. ఆ చక్రం 1867–68లో ప్రభవతో మొదలైంది. మా ముత్తాత తాటాకు జాతకంలో పార్థివ అని ఉంది. అది పందొమ్మిదోది కాబట్టి 1885–86. పార్థివ 1825లోనూ 1945లోనూ కూడా వస్తుంది గనుక మనిషి వయసుతో సరిచూసుకోవాలి. రెండోది ఫసలీ, జమాబందీ లెక్కల్లో, అంటే భూమి శిస్తు లెక్కల్లో వాడేది. మద్రాసు ఫసలీకి 590 కలపండి, జూలైలో మొదలయ్యే సంవత్సరం వస్తుంది. ఫసలీ 1295 అంటే 1885 జూలై నుంచి 1886 జూన్. మూడోది శాలివాహన శకం, 78 కలిపితే సరి.

నాలుగోది అంక. తెలుగువాళ్లను బోల్తా కొట్టించేది ఇదే. ఒడియా జ్యోతిష్కుడు రాసిన జాతకాల్లో, పాత దస్తావేజుల్లో పూరీ గజపతి రాజు పాలనా సంవత్సరం ఉంటుంది. అంకెను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. లెక్క 2తో మొదలవుతుంది. 6తో ముగిసే అంకెలను వదిలేస్తారు. సున్నాతో ముగిసేవాటిలో 10 ఒక్కటి తప్ప మిగిలినవీ వదిలేస్తారు. అందువల్ల 9వ అంక అంటే ఏడో సంవత్సరం, 25వ అంక అంటే ఇరవై ఒకటో సంవత్సరం. కొత్త అంక భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు, సునియా రోజున మారుతుంది.

ఈ లెక్కలోంచి పుట్టిన పేరే "నఅంక". దివ్యసింహదేవ్ 9వ అంకలో పడిన కరువు, 1866 నాటిది. ఒడిశాతో పాటు గంజాం కూడా మాడిపోయింది. మీ ఇంట్లో "కరువులో పుట్టింది", "కరువులో తల్లి పోయింది" అన్న మాట ఉంటే ఏ కరువో తేల్చండి. 1866దా, 1888–89లో గంజాంలో వచ్చినదా? ఒక తరం తేడా పడుతుంది.

ఏ తేదీ దొరకకపోతే పెద్ద బిడ్డ పుట్టిన సంవత్సరం నుంచి వెనక్కి లెక్క కట్టండి. బాల్యవివాహాల కాలం కాబట్టి తొలి కాన్పు నాటికి పదిహేను నుంచి పద్దెనిమిదేళ్లు వేసుకోవచ్చు. మా టెక్కలి అవ్వ 1867–70 మధ్య పుట్టిందని అలాగే అంచనా కట్టాను. దీన్ని పెన్సిల్‌తో రాయండి. రెండో ఆధారం దొరికే దాకా సిరా వాడకండి.

5. కోడళ్లను చూడండి

మన మేనరికం ఆచారం ఇక్కడ పనికొస్తుంది. ఆమె తన కొడుక్కి అన్న కూతుర్ని తెచ్చుకుని ఉండవచ్చు. కూతుర్ని తమ్ముడికో, అన్న కొడుక్కో ఇచ్చి ఉండవచ్చు. కనుక ఆమె కోడళ్ల పుట్టింటి పేర్లూ, అల్లుళ్ల ఇంటిపేర్లూ ఒక కాగితం మీద రాయండి. ఏ ఇంటిపేరైనా రెండుసార్లు కనిపిస్తే అది ఆమె పుట్టిల్లేమో అని మొదట అనుమానించండి. ముత్తాత భార్య ఇంటిపేరు మాకు ముందే తెలుసు. అది తన అత్తగారి పుట్టింటి పేరు కూడా అవుతుందని వందేళ్లలో ఎవరికీ తట్టలేదు.

చుట్టుపక్కల చాలా ఒడియా కుటుంబాల్లో మేనరికం లేదు, వాళ్లకది తప్పు. కొన్ని తరాలుగా ఒడియావాళ్ల మధ్య ఉన్న తెలుగు ఇళ్లు పాత మేనరికాలను చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడతాయి. "వాళ్లూ మేమూ ముందు నుంచీ చుట్టాలమే" అని దాటవేస్తే, అది మేనరికమేనా అని అడిగి తెలుసుకోండి.

6. రిజిస్ట్రారు కార్యాలయం, రికార్డు గది

దస్తావేజుల రిజిస్ట్రేషను చట్టం మొదట 1864లో వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1908 నాటిది. దాని 57వ సెక్షను మీకు కంఠతా రావాలి. స్థిరాస్తి దస్తావేజులుండే 1వ పుస్తకాన్నీ దాని ఇండెక్సులనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామాల 3వ పుస్తకం నుంచి, రాసిన మనిషి పోయిన తర్వాత ఎవరైనా నకలు అడగవచ్చు. కానీ వెతికేది రిజిస్ట్రారే, మీరు కాదు. 4వ పుస్తకం నకళ్లు రాసినవారికీ, హక్కుదారులకూ, వారి తరఫువారికీ మాత్రమే. ఒక కార్యాలయంలో పాత ఇండెక్సులన్నీ చెదలు తినేశాయన్నారు. రెండు వారాల తర్వాత సెక్షను నంబరు రాసిన దరఖాస్తుతో వెళ్తే అదే ఇండెక్సు బల్ల మీద, టీ గ్లాసు కింద ఉంది.

ఏం వెతకాలి? ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమిని. తండ్రి కూతురికి ఇస్తాడు కాబట్టి ఆ కాగితంలో పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఉంటాయి. 1882 ఆస్తి బదిలీ చట్టం తర్వాత స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషను తప్పనిసరి అయినా, పసుపు కుంకుమల భూమిని నోటి మాటగానే ఇచ్చేసినవారు ఎందరో. అలాంటప్పుడు ఇచ్చిన కాగితం కోసం వెతకడం మానేసి, అమ్మిన కాగితం చూడండి. ఆమె పిల్లలు ఆ భూమిని అమ్మేటప్పుడు "మా తల్లికి ఆమె తండ్రి ఫలానావారు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చిన" అని చరిత్రంతా రాయిస్తారు. స్త్రీధనం ముందు కూతుళ్లకు పోతుంది గనుక, ఇండెక్సులో కొడుకుల పేర్లతో పాటు కూతుళ్ల పేర్లు కూడా చూడాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

ఒడిశా వైపు భూమి అయితే ఖతియాన్, అంటే భూమి హక్కుల పత్రం తీయించండి. సాబిక్ అంటే పాత నంబరు, హాల్ అంటే ఇప్పటిది. సాబిక్ నంబరు తెలియకుండా వెనక్కి వెళ్లలేరు. గుడి మాన్యమో, అగ్రహారమో, సేవా ఇనామో ఉన్న కుటుంబాలు 1858లో ఏర్పడిన ఇనాం కమిషను రిజిస్టర్లు అడగాలి. మొదట పొందినవారి పేరు, అప్పటి అనుభవదారు పేరు, వయసు, ఇద్దరికీ చుట్టరికం అందులో రాశారు. విధవలూ కూతుళ్లూ తమ పేర్లతో కనిపించే అరుదైన చోటు అది. జిల్లా స్థాయి పాత దస్త్రాలకు ఛత్రపురం కలెక్టరేటు, భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్, మద్రాసు ప్రెసిడెన్సీ కాలానికి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ మూడు గడపలు. దూరపు గడపను చివరికి పెట్టుకోండి. ఊరు, సంవత్సరం తేలకుండా ఎగ్మూరు వెళ్తే కట్టలు విప్పి కట్టడంతోనే సెలవులు అయిపోతాయి.

7. ఒడియా అక్షరాల్లో తెలుగు అవ్వ

ఇదొక్కటి తెలియక మా పినతండ్రి ఒకాయన తన నానమ్మ కాగితాన్ని చేతిలో పట్టుకుని కూడా "మనది కాదు" అని తిరిగి ఇచ్చేశాడు.

ఒడియాలో ఎ, ఏ అనే తేడా లేదు, ఒ, ఓ అనే తేడా లేదు. మన వ చాలాచోట్ల బ అవుతుంది. పదం మొదట్లోని య జ అవుతుంది. ఒత్తులు రాయడంలో గుమాస్తాకు శ్రద్ధ లేకపోతే జంట అక్షరం ఒంటిదవుతుంది. అలా వెంకమ్మ బేంకమా, యశోదమ్మ జశోదమా, ఎర్రమ్మ ఏరమా, అప్పలమ్మ అపలమా అవుతారు. దాన్ని చూసి ఇంగ్లీషులో రాసిన గుమాస్తా మరో మెట్టు కిందకు దించుతాడు. కాబట్టి మీ అవ్వ పేరునూ ఇంటిపేరునూ ఐదారు రకాలుగా ముందే రాసుకుని ఇండెక్సు దగ్గర కూర్చోండి. వ కింద దొరక్కపోతే బ కింద చూడండి.

పేరు వెనక తోకలు కూడా గుర్తుపట్టాలి. "బేవా" అంటే విధవ. "దేయీ" గౌరవవాచకం, ఇంటిపేరు కాదు. "సా" అని పొడి అక్షరం ఉంటే సాకిన్, నివాసం. అన్నిటికంటే ప్రమాదకరమైనది "స్వామి". ఆమె పేరు తర్వాత "స్వామి" అని ఉండి ఒక మగ పేరు ఉంటే, ఆ మగ పేరు భర్తది. స్వామి అంటే ఒడియాలో భర్త. "పితా" ఉంటే తండ్రి. స్వామినాయుడనే మనిషి కోసం వెతికి అలసిపోయినవాళ్లను చూశాను.

రాత సంగతి వేరే. మన కరణాల గొలుసుకట్టు, ఒడియా కరణి లిపి రెండూ అచ్చు అక్షరాలు నేర్చినవారికి కొరకరాని కొయ్యలే. 1940ల దస్తావేజులతో మొదలుపెట్టి పదేళ్లు పదేళ్లుగా వెనక్కి వెళ్లండి, కన్ను అలవాటు పడుతుంది. పాత దస్తావేజు లేఖరి ఎవరైనా ఇంకా ఉంటే ఆయనకు మించిన గురువు లేడు.

8. దారి తెగిపోతే

ఆమె లేదా ఆమె అన్నదమ్ములు ఉన్నట్టుండి మాయమైతే "రంగం వెళ్లారా?" అని అడగండి. రంగూను ఓడలు గోపాలపురం, బారువ, కళింగపట్నం రేవుల నుంచి మనవాళ్లను మోసుకుపోయాయి. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీ ఓడలు మద్రాసు నుంచి 1860లో మొదలయ్యాయి. ఆ ఓడల జాబితాల్లో స్త్రీలకు కూడా విడిగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. ఊళ్లో ఉండిపోయిన చెల్లెలి కంటే ఓడెక్కిన అక్క వివరాలే తేలికగా దొరకడం విచిత్రం.

క్రైస్తవ కుటుంబాలకు సంఘం రిజిస్టర్లున్నాయి. ఈ ప్రాంతంలో బాప్టిస్టు మిషన్ల పని ఎక్కువ. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. అందువల్ల ఆ తేదీని పుట్టిన తేదీగా రాసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు తప్పుతారు.

ఆస్తిపాస్తులున్న ఇల్లయితే బరంపురం జిల్లా కోర్టు పాత తీర్పులు చూడండి. విధవ మనోవర్తి కోసం వేసిన దావా, దత్తత చెల్లదని దాయాదులు వేసిన దావా ఏదైనా వంశవృక్షం జతచేయక తప్పదు. చిన్నకిమిడి జమీందారీ దత్తత తగాదా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1876లో తేలింది. మామూలు ఇళ్ల తగాదాలు మున్సిఫు కోర్టులోనే ముగిసినా వాటిలోనూ ఆ చెట్టు ఉంటుంది. దాయాదులు పోట్లాడుకోని ఇంట్లో పుట్టినందుకు ఇక్కడ మాత్రం కొంచెం బాధపడ్డాను.

9. ఊరికి వెళ్లడం

ఊరు తేలాక ఒంటరిగా వెళ్లకండి, ఇంట్లో పెద్ద ఆడమనిషిని తీసుకుని వెళ్లండి. మగవాడు ఒక్కడే వచ్చి నూటయాభై ఏళ్ల కిందటి ఆడపడుచు గురించి అడిగితే భూమి వాటా కోసమని అనుకుంటారు. తలుపు దగ్గరే "మాకు ఆస్తి గొడవలేవీ వద్దు, చుట్టరికం కలుపుకోవడానికి వచ్చాం" అని చెప్పండి. చేతిలో పళ్లూ చీరా ఉంటే మాట నమ్ముతారు. తద్దినం చీటీ పేర్లు మీరు ముందుగా చదవకండి. వాళ్ల చేత వాళ్ల తాతల పేర్లు చెప్పించి, ఆ తర్వాత మీ చీటీ విప్పండి. ముందే చదివితే మర్యాద కోసం ఔనౌనంటారు, ఆ ఔనుకు విలువుండదు.

మా చీటీలో మాతామహుడి ఊరు లేదు, గోత్రం ఉంది. ముత్తాత భార్య పుట్టింటి పేరుతో ఆ గోత్రం సరిపోయింది. ఆ ఇంటివారు టెక్కలికి రెండు కోసుల దూరంలో ఒక పల్లెలో ఉన్నారు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన తన తాతల పేర్లు వరుసగా చెబుతూ, నాలుగో పేరు దగ్గర మా చీటీలోని పేరు చెప్పారు. ఇంటిపేరు "పొ"తో మొదలవుతుంది, ఆ మనిషి పేరు "సూ"తో. కూతురి సారె సామాను మీద తండ్రి తన పొడి అక్షరాలు కొట్టించాడన్నమాట. నేను అక్కడి నుంచే మేనత్తకు ఫోను చేశాను.

"ఇన్నాళ్లూ తాకట్టు సొమ్మని గేదెకు కుడితి పెట్టాం కదరా దాంట్లో" అంది. సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి గంగాళాన్ని చింతపండు వేసి తోమించి, నీళ్లు నింపించి, వాకిట్లో పెట్టించింది.